పెద్ద మసీదుకు పోయిన దట్టి

ఇప్పుడు మా ఇంట్లో మాటలకు కొదవ లేదు. మగ్గం ఆగినా, టీవీ ఆగినా మాటలు మాత్రం ఆగవు. కానీ ఆ రోజుల్లో, తెలంగాణ వచ్చి అప్పుడే ఏడాది నిండిన ఆ ఎండల్లో, మేమంతా ఒకే ఒక్క మాట కోసం మొహం వాచి ఉన్నాం. ఆ మాట రావాల్సింది మా బిడ్డ నోట్లోంచి. దానికి మూడేళ్ళు దాటాయి. అమ్మ అనదు, నాయిన అనదు. ఆకలైతే గిన్నె తెచ్చి నా ముందు పెడుతుంది, కోపమొస్తే అదే గిన్నెతో నన్ను కొడుతుంది. అంతే. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పుడు "మీ పోరికింక మాటలు రాలేదా?" అని నవ్విన వాళ్ళ మీద నేను చీపురు ఎత్తిన రోజులు కూడా ఉన్నాయి.

మాది చిట్యాల నుంచి లోపలికి ఆటోలో పోవాల్సిన చేనేత ఊరు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. వీధి మొత్తానికి ఇంటర్ పాసైన కోడలిని నేనొక్కదాన్నే అని కాస్త టెక్కు ఉండేది (రెండోసారి రాస్తే పాసయ్యాననే సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు). మా ఆయన మగ్గం నేస్తాడు, నేను కండెలు చుడతాను, తీరిక దొరికితే నేనూ మగ్గం గుంటలో దిగి నాలుగు మూరలు నేస్తాను. కండె అంటే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న దారపు చుట్ట. మా బిడ్డ కూడా పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడ వదిలితే అక్కడి నుంచి దొర్లిపోయేది కాబట్టి వాళ్ళ నాయిన దానికి కండె అనే పేరు పెట్టాడు. నేత ఇంట్లో ఎటు చూసినా దారమే. పొద్దున్నే వీధిలో ఈ కొస నుంచి ఆ కొసకు పడుగు సాగదీసి కడతాం. ఆ దారాల మీద ఒక్క కాలు పడిందంటే పూట పని మట్టిపాలు. అందుకని ఇంటి పనులన్నిటిలో నేను ఎక్కువగా చేసిన పని అరవడమే. ఒక చెయ్యి నడుం మీద పెట్టి, రెండో చేతి వేలు చూపించి, కనుబొమలు పైకి లేపి, "ఏయ్! దారం తొక్కకు!" అని రోజుకు వందసార్లయినా అరిచేదాన్ని. పిల్ల నోరు తెరుచుకుని నా మొహం చూసేది, కాలు తీసేది, ఏమీ అనకుండా దొర్లిపోయేది.

నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. చెవులు బాగున్నాయి, నాలుక బాగుంది, కొందరికి ఆలస్యంగా వస్తాయి, ఇంట్లో పిల్లతో బాగా మాట్లాడండి అన్నాడు డాక్టరు. ఆ చివరి మాట విని మా అవ్వ డాక్టరు ముందే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అవ్వ అంటే మా ఆయన్ని చిన్నప్పటి నుంచీ పెంచిన నాయనమ్మ. ఎనభై ఏళ్ళు, మోకాళ్ళు పోయాయి కానీ నోరు పోలేదు. బయటికొచ్చాక తీరిగ్గా అంది, "ఇంట్ల మాట్లాడాల్నట! నువ్వు జర సందిస్తే గద పిల్లా, పోరి మాట్లాడేది?" ఆ రోజు నేను నార్కట్‌పల్లి వచ్చేదాకా బస్సులో మూతి ముడుచుకుని కూర్చున్నాను. (అవ్వ మాట నిజమేమోనని లోపల భయం. అందుకే అంత కోపం.)

యాదగిరిగుట్టకు పోయాం, గంట కడతామని మొక్కాం, పుట్టువెంట్రుకలు కూడా తీయించాం. కండె గుండు మీద గంధం పూయించుకుని కొండంతా తిరిగింది, ఏడుపు తప్ప నోట్లోంచి ఏమీ రాలేదు. అప్పుడు అవ్వ పీర్లను తలుచుకుంది. మొహర్రం నెలలో మా ఊళ్ళో పీర్లు, అంటే కర్రలకు బిగించిన వెండి, ఇత్తడి హస్తాలు, లేస్తాయి; మిగతా రోజుల్లో పీర్ల కొట్టంలోనే ఉంటాయి. ఎత్తుకునేది సాయిబులే అయినా మొక్కేది ఊరు ఊరంతా. పీరుకు కట్టే రంగు గుడ్డను దట్టి అంటారు, ఆ దట్టీలు నేసేది మా వీధి వాళ్ళమే. అవ్వ ఆ కొట్టం ముందు నిలబడి కండె గురించి మొక్కి, ఇంటికి రాగానే కొత్త ఆలోచన బయట పెట్టింది. "జరమొస్తే చిట్యాల దవాఖాన, ఎముకిరిగితే నల్లగొండ దవాఖాన, గదీ కాకుంటే పట్నం. దేవుళ్ళు గూడ గంతే. మన ఊరి పీరు చిన్నది, పాపం ఎంతమందినని చూస్తది? పట్నంల చార్మినార్ కాడ పెద్ద మసీదు ఉన్నదట. దట్టి గాడ కడ్దాం."

"పోరి మాట్లాడినంక కట్టాలె గద అవ్వా? ఇప్పుడే ఎందుకు?" అన్నాను, ఇంటర్ చదివినదాన్ని కదా.

"ముందుగాల మనం కట్టేస్తే ఇగ ఆయన ఎట్ల తప్పించుకుంటడు?" అంది అవ్వ.

నేను ఇవన్నీ నమ్మనని, అవ్వ పోరు పడలేక చేస్తున్నానని వీధిలో అందరికీ చెప్పాను. చెప్పడమైతే చెప్పాను గానీ, ఆ దట్టిని మాత్రం ఇంకెవరికీ ఇవ్వకుండా నేనే నేశాను. ఆకుపచ్చ రంగు, రెండు గజాలు, అంచులో సన్నటి ఎర్ర గీత. పట్టుచీరలు నేసినప్పుడు కూడా అంత జాగ్రత్త పడి ఉండను. ఒక్క పోగు అటూ ఇటూ అయినా విప్పి మళ్ళీ నేశాను. "నమ్మవంటివి గదనే?" అన్నాడు మా ఆయన. "నమ్మకుంటే మాత్రం వంకరగ నెయ్యాల్నా?" అని గయ్యిమన్నాను. ఆ రెండు గజాల్లో నేను అడిగింది ఒకటే, ఒక్కసారి నన్ను అమ్మా అని పిలవాలి. ఎవరిని అడిగానో నాకే తెలియదు.

రంజాన్ ఇంకో వారంలో వస్తుందనగా బయలుదేరాం, అవ్వ, నేను, కండె. మా ఆయనకు మగ్గం మీద చీర ఉంది కాబట్టి ఇంటి దగ్గరే ఉన్నాడు. అవ్వ మూటలో దట్టి, ఊదు, డబ్బా నిండా మలీద (రొట్టెలు నలిపి బెల్లం కలిపి చేస్తాం, పీర్లకు అదే ప్రసాదం), ఒక కొబ్బరికాయ. బస్సులో కండక్టరు కండె బుగ్గ గిల్లి, "నీ పేరేంది బంగారం?" అని అడిగాడు. కండె అతని మొహం చూసింది, టికెట్ల మిషన్ చూసింది, ఊరుకుంది. "నిద్ర మబ్బుల ఉన్నదన్నా" అన్నాను. పొద్దున పది గంటలకు కళ్ళు ఇంతింత చేసుకుని కూర్చున్న పిల్లకు నిద్ర మబ్బేమిటని అతను అడగలేదు, ఆ మేలు నేను మరిచిపోలేదు. అప్పటికి ఆ అబద్ధం నేను ఎన్ని బస్సుల్లో చెప్పానో లెక్కలేదు.

మసీదు గేటు దగ్గర పోలీసు మా మూట విప్పించాడు. దట్టి చూశాడు, మలీద చూశాడు, కొబ్బరికాయ దగ్గర ఆగిపోయాడు. "అవ్వా, గిది లోపలికి పోదు."

"మరి ఏడ కొట్టాలె నాయినా?" అంది అవ్వ, అటూ ఇటూ బండరాయి కోసం వెతుకుతూ.

"ఏడా కొట్టద్దు. గిది మసీదు."

"నాకు తెల్వదా మసీదని? చిట్యాల కాడ్నించి గందుకే వచ్చిన" అని అవ్వ నడుం మీద చెయ్యి పెట్టింది. నాకు తల తీసినట్టయింది. నేను ఆమెతో రాలేదన్నట్టు పక్కకు చూస్తూ నిలబడ్డాను. చివరికి చెప్పులు చూసుకునే పెద్దాయన పిలిచి, "గా కాయ నాకియ్యి అమ్మా, నేను చూస్త" అని తీసుకున్నాడు. చెప్పుల దగ్గర కొబ్బరికాయ పెట్టాల్సి వచ్చిందే అని అవ్వ గొణుక్కుంటూ లోపలికి నడిచింది. నేను తల నిండా కొంగు కప్పుకుని, కండె చెయ్యి పట్టుకుని వెనకాల పోయాను.

లోపల అంత జాగా ఉంటుందని నేను అనుకోలేదు. ఎత్తయిన రాతి కమానులు, ముందు రాళ్ళు పరిచిన విశాలమైన వాకిలి, ఆ మూల పావురాలు, అంతమంది ఉన్నా ఏదో నెమ్మది. ఆడవాళ్ళు, పిల్లలు వాకిట్లోనే నీడ చూసుకుని కూర్చున్నారు. అవ్వకు ఇవేమీ పట్టలేదు. ఆమె కళ్ళు దట్టి కట్టే చోటు కోసం వెతుకుతున్నాయి. పీరు లేదు, చెట్టు లేదు, కట్టడానికి ఒక కొయ్య కూడా లేదు. "గింత పెద్ద జాగ పెట్టుకొని దట్టి కట్టనీకె ఒక్క మొల పెట్టలే చూడు" అని గొణిగి, పోనీ ముందు మూడు చుట్లు తిరుగుదామంది. మసీదు చుట్టూ ప్రదక్షిణలు చేయరని నాకూ తెలియదు. ఇంటర్‌లో చెప్పలేదు. సరేనని మొహం పైకెత్తి ఆ కమానులు చూస్తూ, ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో కండె, నడుస్తున్నాను.

వాకిట్లో ఒక ముసలాయన పని చేసుకుంటున్నాడు. తెల్ల గడ్డం, తెల్ల టోపీ, లుంగీ పైకి కట్టుకుని ఉన్నాడు. రంజాన్ జనానికి నమాజు వరుసలు వంకర పోకుండా రాళ్ళ మీద గీతలు వేయాలి కదా, అందుకని ఒక సన్నటి నూలు తాడుకు సున్నం పూసి, ఈ కొస ఒక ఇనుప మేకుకు కట్టి, ఆ కొస తాను పట్టుకుని, వాకిలి పొడుగునా సాగదీశాడు. చీలమండ ఎత్తున బిగుతుగా, తెల్లగా, నేరుగా ఉంది ఆ దారం. మా వీధిలో పొద్దున్నే కట్టే పడుగు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది, ఎందుకంటే అప్పుడు నేను కమానులు చూస్తున్నాను.

నా చేతిలో ఉన్న కండె చెయ్యి టక్కున ఆగిపోయింది. నేను ఇంకో అడుగు వేశాను.

"అమ్మా! దారం! తొక్కకు!"

వాకిలంతా మోగింది. పావురాలు లేచాయి. ఆ పొలికేకకు మా వైపు తిరగని తల లేదు. నా కాలు అప్పటికే దారం మీద పడింది, దారం టప్పున తెగింది. ముసలాయన చేతిలో తెగిన కొస పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అంత పెద్ద మసీదులో మా వల్ల గొడవైందని నాకు భయమేసి, కండె నోటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఊకో! ఎవరన్న వింటరు!" అన్నాను.

మూడేళ్ళు. మూడేళ్ళు కొండలెక్కి, దవాఖానలు తిరిగి, రెండు గజాల దట్టి పోగు పోగూ లెక్కబెట్టి నేసి, ఆ పిల్ల నోరు విప్పగానే కన్నతల్లిగా నేను చేసిన మొదటి పని నోరు మూయించడం. ఇప్పటికీ ఎవరైనా నన్ను తెలివిగలదానివి అంటే ఇది గుర్తొచ్చి సిగ్గేస్తుంది.

కండె నా చెయ్యి తోసేసింది. ఒక చెయ్యి నడుం మీద పెట్టింది, రెండో చేతి వేలు నా కాలి వైపు చూపించింది, కనుబొమలు పైకి లేపింది. "తొక్కకు!" అంది మళ్ళీ. గుండు మీద అప్పుడప్పుడే వస్తున్న నల్లటి వెంట్రుకలతో నేనే నా ఎదురుగా నిలబడి నన్ను తిడుతున్నట్టు ఉంది. నేను అక్కడే రాళ్ళ మీద కూలబడ్డాను (రాళ్ళు కాలుతున్నాయని కూడా కాసేపటికి తెలిసింది). అవ్వ మూట కింద పడేసి, పిల్లను పొదువుకుని, గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టింది. ఆమెను చూసి నేనూ మొదలుపెట్టాను.

పాపం ఆ ముసలాయన కంగారుపడిపోయాడు. "అరె, తాడే గదమ్మా! తెగితే తెగింది, ఇంకొకటి తెస్త. గింతదానికి ఏడుస్తరా? నేనేమన్న అన్ననా?" అని మా ముందు చేతులు ఊపుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయన మమ్మల్ని ఏమన్నాడో అని ఆయన వైపు కోపంగా చూస్తున్నారు.

"తాడు గాదు సాయిబూ, మా పోరి మాట్లాడింది!" అంది అవ్వ ముక్కు చీదుతూ.

"పిల్లలన్నంక మాట్లాడరా అవ్వా?"

"మాట్లాడలే! మూడేండ్ల సంది మాట్లాడలే! ఇప్పుడే, గీడ్నే, నీ దారం చూసి మాట్లాడింది!"

ఆయన చేతులు ఆగిపోయాయి. తెగిన తాడు చూశాడు, కండెను చూశాడు. టోపీ సరిచేసుకుని, పైకి చూసి నోట్లో ఏదో అనుకున్నాడు. కండె మాత్రం తెగిన కొస చూపిస్తూ "దారం, దారం" అని మా అందరినీ నిలదీస్తోంది. అప్పుడు నాకు బుద్ధొచ్చింది. లేచి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి, పడుగులో పోగు తెగితే వేసే ముడి వేసి లాగి చూపించాను. ఆయన వేలితో తడిమి, "ముడి ఏడున్నదో దొరుకుతలేదు బేటీ" అని మెచ్చుకున్నాడు. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

అవ్వ మాత్రం మొక్కు మరిచిపోలేదు. దట్టి విప్పి ఆయన ముందు పెట్టింది. "ఇగ గిది ఏడ కట్టాల్నో చెప్పు."

"గీడ దట్టి కట్టరవ్వా. దట్టి పీర్లకు. దర్గాకైతే చాదర్ కప్పుతరు. మసీదుల నమాజు తప్ప ఇంకేం లేదు" అన్నాడాయన మెల్లగా, ఆమె నొచ్చుకుంటుందేమోనని.

అవ్వ మొహం మాడిపోయింది. "మరి నా మొక్కు? పోరి మాట్లాడె, నేను అప్పజెప్పకుండ ఎట్ల పోవాలె?"

ఆయన గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. కండె ఎండకు ఒక కాలు ఎత్తి, ఒక కాలు దించి, కోడిపిల్లలా గెంతుతోంది. బోడి తల ఎర్రగా కందిపోయింది. "ఎవరి కోసం మొక్కినవ్ అవ్వా?" అని అడిగాడు.

"ఎవరి కోసమంటవేంది? గీ పోరి కోసమే."

"అయితే గీమెకే కట్టు. ఎండ ఎట్లున్నదో చూడు. పైనోడికి బట్టల తక్కువేం లేదు."

అవ్వ దట్టి ఆయన చేతిలోనే పెట్టింది. "గట్లయితే నువ్వే కట్టు. నీ జాగల మొక్కిన, నీ చేతుల మీద పోవాలె." ఆయన సున్నం చేతులు లుంగీకి తుడుచుకుని, నీడలోకి తీసుకుపోయి, కండె తలకు ఆ రెండు గజాల దట్టి చుట్టి కొస లోపలికి దోపాడు. నేను పోగు పోగూ చూసుకుని నేసిన గుడ్డ ఇంతకంటే మంచి చోటికి పోదని నాకు అప్పుడే తెలిసిపోయింది. మలీద డబ్బా తెరిచి అక్కడ కూర్చున్న పిల్లలందరికీ పంచాం. ఆయన చిటికెడు నోట్లో వేసుకుని, మిగతాది రుమాలులో కట్టుకుని, "ఇంటికాడ మా మనవరాలున్నది, దానికి నోరెక్కువ, అయినా పెడ్త" అన్నాడు. తర్వాత ఆయన తాడు మళ్ళీ సాగదీస్తుంటే, కండె ఆ దారం పక్కనే నిలబడి, దగ్గరికొచ్చిన ప్రతి ఒక్కరికీ వేలు చూపించి "తొక్కకు!" అని హెచ్చరించింది. కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి కూడా గబుక్కున వెనక్కి తగ్గాడు.

బయటికొచ్చి చెప్పుల కోసం పోతే, ఆ చెప్పుల పెద్దాయన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయన స్టూలు మీద మా కొబ్బరికాయ ఉంది. "కిందెందుకు కూసున్నవ్ తాతా?" అన్నాను. "దేవుని కాయ గదమ్మా, చెప్పుల్ల ఎట్ల పెట్టాలె?" అన్నాడు. అవ్వ నోట మాట రాకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అవ్వ, కండె ఇద్దరి మాటలకూ ఆ రోజు పొత్తు కుదిరిందేమో, ఒకరికి వస్తే ఇంకొకరికి పోయింది.

తిరుగు బస్సులో కండె ఎక్కేవాళ్ళ కాళ్ళ వైపు చూస్తూ, దిగేవాళ్ళ కాళ్ళ వైపు చూస్తూ ఒకటే మాట. హయత్‌నగర్ దాటేసరికి ముందు సీటులో ఉన్నాయన వెనక్కి తిరిగి, "జర పాప నోరు మూపియ్యమ్మా" అన్నాడు. "మూయదు!" అన్నాను. అంత గర్వంగా నేను ఇంకెప్పుడూ ఏ మాటా అనలేదు. ఫోన్‌లో చెబితే అటు మగ్గం చప్పుడు ఆగిపోయింది. మా ఆయన అడిగాడు, "ఏమన్నదే?" "దారం తొక్కకు అన్నది." "నీ నోరే వచ్చింది, ఇగ మాకు దిక్కెవరు?" అన్నాడు, ఏడుస్తూ నవ్వుతూ.

దట్టి మహిమ అని అవ్వ అంది. సమయం వచ్చింది, మాటలొచ్చాయి అని డాక్టరు అన్నాడు. నేను మాత్రం ఎవరితోనూ వాదించలేదు. మరుసటి ఏడు రంజాన్‌కు ముందు, పడుగులో మిగిలిన నూలు ఎనిమిది పేటలు పేని, వాకిలి పొడుగుకు సరిపోయే తాడు చేసి తీసుకుపోయి ఆ ముసలాయనకు ఇచ్చాం. "ఇగ గిది తొక్కినా తెగదు చాచా" అన్నాను. "అయినా తొక్కద్దు!" అంది కండె. ఆయన పేరేమిటో ఆ రెండుసార్లూ నేను అడగనేలేదు. ఇప్పుడు అవ్వ లేదు. దట్టి అవ్వ పెట్టెలోనే ఉంది, దాని మీద ఒక మూల చాచా వేళ్ళకున్న సున్నం మరక ఇంకా పోలేదు. దాన్ని నేను ఉతకలేదు.

కండె ఇప్పుడు తొమ్మిదో తరగతి. నల్లగొండలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటుంది. సెలవులకు ఇంటికి వస్తే నా చీర బాగాలేదంటుంది, నా వంటలో ఉప్పెక్కువంటుంది, నేను ఫోన్‌లో గట్టిగా మాట్లాడతానంటుంది. అన్నీ నిజమే. మొన్న వచ్చినప్పుడు పుస్తకం ముందేసుకుని తల వంచుకుని కూర్చుంది. నేను వాకిట్లో కట్టిన పడుగు పక్క నుంచి పోతున్నాను. తల ఎత్తకుండానే, "అమ్మా, దారం తొక్కకు" అంది.

నిజం చెప్పాలంటే నేనేమీ చూసుకోకుండా నడవలేదు. ఇన్నేళ్ళు నేసినదాన్ని, దారం ఎక్కడుందో నా కాలికి తెలుసు. అది ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ కావాలనే అలా దగ్గరగా నడుస్తుంటాను.